‘మా దగ్గర బాగానే ఉందే’ అనే టీమ్‌కి బగ్ రిపోర్ట్ చేయడం ఎలా

బగ్ పెట్టారు, అంటే ఒక లోపం గురించి టికెట్ తెరిచారు. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో వారం ‘మా దగ్గర రావడం లేదు’ అని ఒక్క ముక్క రాసి టికెట్ మూసేశారు. ఒళ్లు మండటం సహజం. అయితే మూతపడ్డ టికెట్లన్నీ ఒక్కలాంటివి కావు. కొన్ని అవతలివాళ్లకు అర్థంకాక మూతపడతాయి. కొన్ని సరైన మనిషిని చేరకుండానే ఎండిపోతాయి. తెలిసీ వద్దనుకున్నవి కొన్ని. మూడింటికీ మందు వేరు. ఏ జబ్బో చూడకుండా అదే మాటను ఇంకాస్త పెద్ద గొంతుతో చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇక్కడి ఉదాహరణల్లో చాలావరకు తెలుగు టెక్స్ట్‌కి సంబంధించినవే. అవతలి డెవలపర్‌కు తెలుగు చదవడం రాదు, తప్పేదో ఒప్పేదో స్క్రీన్ మీద చూసినా తెలియదు. అలాంటి బగ్‌ను ఒప్పించగలిగితే మిగతావి తేలికే.

1. ముందు గుమ్మం సరైనదో కాదో చూసుకోండి

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ సంగతే తీసుకోండి. దానికో బగ్‌జిల్లా, అంటే బగ్‌లు నమోదు చేసే ట్రాకర్, ఉంది, ఎవరైనా అందులో రాయొచ్చు. కానీ అక్కడ పెట్టిన చాలా రిపోర్టులు సంబంధిత డెవలపర్ల కంటపడవని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. సోర్స్‌లో ఉండే ‘మెయింటెయినర్స్’ ఫైల్ తెరిచి, ఆ డ్రైవర్ ఎవరి చేతిలో ఉందో చూసి, వాళ్లకూ వాళ్ల మెయిలింగ్ లిస్టుకూ రాయడమే అక్కడి పద్ధతి. ఇది తెలియనివాళ్లు ఏడాదిపాటు ఖాళీ గదిలో మాట్లాడుతూ ఉంటారు.

కాబట్టి రాయడానికి ముందు ఓ పది నిమిషాలు ట్రాకర్‌లో తిరగండి. గత నెలలో మూతపడ్డ పదిహేను టికెట్లు తెరిచి చూడండి. ఎవరు జవాబిస్తున్నారు, ఎన్ని రోజులకిస్తున్నారు, మూసేటప్పుడు ఏ కారణం రాస్తున్నారు? ఆరు నెలలుగా ఒక్క జవాబూ లేకపోతే అది పాడుబడ్డ గుమ్మం. రిపోర్టులు తీసుకునే చోటు ఇంకెక్కడో ఉంటుంది.

తెలుగు అక్షరాలు తప్పుగా కనబడుతుంటే గుమ్మం వెతకడం మరీ చిక్కు, ఎందుకంటే మధ్యలో నాలుగు అంచెలున్నాయి: అక్షరాన్ని పంపిన కీబోర్డు, దాన్ని దాచిన యాప్, ఒత్తులూ గుణింతాలూ కూర్చే షేపింగ్ ఇంజిన్, చివరికి బొమ్మ ఇచ్చే ఫాంట్. తప్పు ఫాంట్‌లో ఉండగా యాప్ వాళ్ల మీద బగ్ పెడితే ‘ఇది మా బగ్ కాదు’ అని మూసేస్తారు. న్యాయంగానే మూసేస్తారు.

అంచె తేల్చడానికి పావుగంట చాలు. అదే యాప్‌లో ఫాంట్ మార్చండి: విండోస్‌లో నిర్మల యూఐ ఉంటుంది, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. ఫాంట్ మార్చగానే తప్పు పోతే అనుమానం ఫాంట్ మీద. అన్ని ఫాంట్లలోనూ అదే తప్పు వస్తే అదే టెక్స్ట్‌ను ఇంకో యాప్‌లో అతికించి చూడండి. ఇక్కడొక మోసం ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ షేపింగ్‌కు ప్రధానంగా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌ను వాడతాయి. ఆ నాలుగింటిలో ఒకేలా కనబడితే అది నాలుగు సాక్ష్యాల కింద లెక్క కాదు. విండోస్ నోట్‌ప్యాడ్‌లోనో, ఆపిల్ సొంత యాప్‌లలోనో చూస్తేనే రెండో సాక్ష్యం దొరుకుతుంది. ఈ పోలికంతా రిపోర్ట్‌లో ఒక్క వాక్యమే అవుతుంది, కానీ ‘మా బగ్ కాదు’ అనే జవాబుకు దారి మూసేస్తుంది.

2. బగ్‌ను చిన్నది చేయండి

అసలు కష్టమంతా ఇక్కడే. ‘మీ ఫారం తెలుగు పేర్లు తీసుకోవడం లేదు’ అని రాశారనుకుందాం. డెవలపర్ ఎక్కడినుంచో ‘కమల’ అనే పేరు కాపీ చేసి అతికిస్తాడు. ఫారం తీసుకుంటుంది. టికెట్ మూతపడుతుంది. అతను అబద్ధం ఆడలేదు, మీరూ ఆడలేదు.

ఇప్పుడు పేర్లు ఒక్కొక్కటే వేసి చూడండి. కమల వెళ్తోంది. వనజ, సరళ వెళ్తున్నాయి. విమల ఆగిపోతోంది. లక్ష్మి, అంజన ఆగిపోతున్నాయి. తేడా తెలుగు చదివేవాళ్లకు ఇట్టే దొరుకుతుంది: మొదటి మూడింటిలో గుణింతమూ లేదు, ఒత్తూ లేదు, సున్నా లేదు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని లెక్కలో క, మ, ల ‘అక్షరాలు’. గుడి, కొమ్ము, పొల్లు, సున్న వంటివి అక్షరానికి అంటుకునే ‘గుర్తులు’, వాటి వర్గమే వేరు. ఫారంలో ‘అక్షరాలు మాత్రమే’ అని నియమం రాసినవాళ్లు గుర్తుల వర్గాన్ని వదిలేసి ఉంటారు. ఇంగ్లిష్ రాసేవాళ్లకు ఆ వర్గంతో పనే పడదు మరి.

జాబితాలో ‘రాజ్‌కుమార్’ కూడా చేర్చండి. ఇందులో జ పొల్లు తర్వాత, కంటికి కనబడకుండా, ‘కలపొద్దు’ అని చెప్పే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది అక్షరమూ కాదు, గుర్తూ కాదు, మూడో వర్గం. ఇప్పుడే చెప్పకపోతే గుర్తుల వర్గాన్ని మాత్రం చేర్చి ‘ఫిక్స్ చేశాం’ అంటారు. రాజ్‌కుమార్‌లూ రామ్‌మోహన్‌లూ బయటే ఉండిపోతారు, మళ్లీ కొత్త టికెట్టు, మళ్లీ మూడు వారాలు.

తెలుగు రాని మనిషికి అక్షరాల బొమ్మలు సరిపోవు, సంఖ్యలు ఇవ్వండి. హెచ్‌టీఎంఎల్‌లో వాడే దశాంశ సంఖ్యల్లో విమల అంటే 3125, 3135, 3118, 3122. ఆగిపోయేది ఆ 3135, అంటే గుడి. ఆ కనబడని నాన్ జాయినర్ సంఖ్య 8204. సంఖ్యలు ఇచ్చాక ‘మీ కీబోర్డు ఏదో తేడాగా పంపుతోందేమో’ అనే వాదన ఉండదు. సెర్చ్ బగ్‌లలో అయితే సంఖ్యలు లేకుండా పనే జరగదు. ఐత్వాన్ని 3144 అనే ఒకే సంఖ్యగానూ, 3142, 3158 అనే జంటగానూ దాచొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానం, తెరమీద రెండూ ‘కై’ అనే కనబడతాయి. సెర్చ్‌లో ఒకటి కొట్టి రెండోది దొరకలేదంటే, స్క్రీన్‌షాట్ చూసినవాళ్లకు మీరు చెప్పేదే అర్థం కాదు.

చిన్నది చేయడం ఎంత విలువైనదో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. ‘తెలుగు అక్షరం వస్తే ఐఫోన్ కూలిపోతోంది’ అని ప్రపంచమంతా వార్తలు. అవి చదివి ‘జ్ఞానం’ అని టైప్ చేసినవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. కూల్చింది ఐదు సంఖ్యల వరస: 3100, 3149, 3102, 8204, 3134. అంటే జ, పొల్లు, ఞ, నాన్ జాయినర్, దీర్ఘం. మామూలుగా ‘జ్ఞా’ రాసేటప్పుడు ఆ నాలుగోది ఉండదు. ఒక్కొక్కటే మార్చి చూసినవాళ్లు ఇది ఒక్క జ్ఞాతో ఆగదని, హల్లు, పొల్లు, హల్లు, నాన్ జాయినర్, అచ్చు గుర్తు అనే మూసలో ఉన్న మరికొన్ని వరసలూ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోవి కూడా, అదే పని చేస్తాయని తేల్చారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. డెవలపర్ చేతిలో పడగానే పని మొదలుపెట్టగలిగేది ఆ ఐదు సంఖ్యలతోనే.

మీ బగ్ తెలుగుకు సంబంధించింది కాకపోయినా పద్ధతి ఇదే. పెద్ద ఫైల్ తెరిస్తే యాప్ కూలుతోందా? ఫైల్‌ను సగానికి కోయండి. ఏ సగం కూలుస్తుందో దాన్ని మళ్లీ సగానికి కోయండి. 1000 వరుసల ఫైల్ పది కోతల్లో ఒక్క వరుసకొస్తుంది. రెండు సగాలూ విడివిడిగా బాగానే ఉంటే తప్పు పరిమాణంలోనో, రెండు వరుసల కలయికలోనో ఉందన్నమాట. అది కూడా రాయదగ్గ విషయమే. కోసేటప్పుడే ఖాతా నంబర్లు, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఉత్తుత్తివి పెట్టండి. పెట్టాక బగ్ ఇంకా వస్తోందో లేదో మళ్లీ చూడండి. ఈ చివరి మాట మరిచిపోయి, బగ్ రాని ఫైల్‌ను జతచేసి పరువు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

3. రాయండి

శీర్షికలో ఎక్కడ, ఏం చేస్తే, ఏమవుతోంది అనే మూడూ ఉండాలి. ‘అర్జెంట్’, ‘చాలా పెద్ద బగ్’, మూడు ఆశ్చర్యార్థకాలు వద్దు. పై ఉదాహరణ రిపోర్టుగా మారితే ఇలా ఉంటుంది:

శీర్షిక: కొత్త ఖాతా ఫారం, పేరు గడి: గుణింతపు గుర్తు ఉన్న తెలుగు పేర్లను తిప్పికొడుతోంది. 4.1లో బాగుంది, 4.2లో చెడింది.

ఎక్కడ: యాప్ 4.2.1, ఆండ్రాయిడ్ 14. ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇదే.

స్టెప్పులు: 1. లాగౌట్ అయి ‘కొత్త ఖాతా’ తెరవాలి. 2. పేరు గడిలో ‘విమల’ అతికించాలి, అంటే 3125, 3135, 3118, 3122. 3. ‘తరువాత’ నొక్కాలి.

జరిగింది: ‘అక్షరాలు మాత్రమే వాడండి’ అనే ఎర్ర సందేశం.

జరగాల్సింది: ఫోన్ నంబర్ పేజీ రావాలి.

ఎన్నిసార్లు: 10కి 10.

పోల్చినవి: కమల, వనజ, సరళ వెళ్తున్నాయి. విమల, లక్ష్మి, అంజన, రాజ్‌కుమార్ వెళ్లడం లేదు.

మా ఊహ, తప్పు కావచ్చు: పేరు తనిఖీ చేసే నియమంలో యూనికోడ్ గుర్తుల వర్గమూ, 8204 అనే నాన్ జాయినరూ లేవు.

ఊహ చివర్లో, ఊహ అని చెప్పి మరీ పెట్టండి. మొదట్లోనే కారణం ఇదే అని తీర్పిస్తే ఆ తీర్పు తప్పని తేల్చగానే మొత్తం టికెట్టే తప్పని మూసేస్తారు. జరిగింది వేరు, దానికి మీరు చెప్పుకున్న కారణం వేరు. రెండూ ఒకే వాక్యంలో కలవకూడదు.

చాలాచోట్ల ఇదంతా ఇంగ్లిష్‌లోనే రాయాలి. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు, చిన్న వాక్యాలు చాలు. ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ మాత్రం తీసేయండి. చేయాల్సిందేమిటో తప్ప అన్నీ ఉన్న వాక్యం అది. ‘సమ్‌టైమ్స్’, ‘నాట్ వర్కింగ్ ప్రాపర్లీ’ కూడా అంతే. తెరమీద వచ్చిన ఎర్రర్‌ను మీ మాటల్లో చెప్పకండి. అక్షరం పొల్లుపోకుండా కాపీ చేయండి, సెర్చ్‌లో దొరికేలా ఉంటుంది.

సమయం రాస్తే టైమ్‌జోన్‌తో రాయండి. సర్వర్ లాగ్‌లు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. మన ఉదయం 9:10 వాళ్లకు 3:40. ‘పొద్దున వచ్చింది’ అంటే ఐదున్నర గంటల లాగ్‌ను అవతల ఎవరూ గాలించరు.

జతచేసేవాటి గురించి కొంచెం. తెరమీద కదలిక ఉంటే వీడియో తీయండి, 30 సెకన్లు దాటనివ్వకండి. స్క్రీన్‌షాట్ చుట్టూ సగం కత్తిరించకండి, వెర్షన్ నంబరో చిరునామా పట్టీయో అందులోనే ఉండొచ్చు. లాగ్‌ను మాత్రం స్క్రీన్‌షాట్ తీయకుండా టెక్స్ట్‌గా పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ పేజీ, లిబ్రెఆఫీస్‌లో ‘అబౌట్’ పెట్టెలోని కాపీ బొత్తం కావాల్సిన వెర్షన్ వివరాలన్నీ ఒక్క దెబ్బకు ఇస్తాయి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ఉండే బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో బగ్ రిపోర్ట్ తీసుకునే వీలుంది. ఆ జిప్‌లో మీ సొంత సమాచారం కూడా బోలెడు ఉంటుంది. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి దాచే ఫైల్‌లోనూ అంతే, కుకీలూ టోకెన్‌లూ ఉండొచ్చు. అవి ఎవరి చేతిలోనైనా పడితే మీ లాగిన్ వాళ్లదవుతుంది. వీటిని బహిరంగ ట్రాకర్‌లో పెట్టకండి. ‘కావాలంటే విడిగా పంపుతాను’ అని రాస్తే చాలు.

ఒక టికెట్‌లో ఒకే బగ్. ఐదు కలిపి పెడితే తేలికైనది ఒకటి సరిచేసి మొత్తం మూసేస్తారు. మిగతా నాలుగూ ‘పరిష్కరించాం’ ఖాతాలోకి వెళ్తాయి.

4. అప్పుడప్పుడూ వచ్చే బగ్‌లకు లెక్క కట్టండి

‘మా దగ్గర రావడం లేదు’ అనేది ఎక్కువగా ఇక్కడ వినబడుతుంది. పదిసార్లకు ఒకసారి వచ్చే బగ్ అనుకోండి. డెవలపర్ ఐదుసార్లు ప్రయత్నిస్తాడు. ఆ ఐదింటిలో ఒక్కసారీ కనబడకపోయే అవకాశం 59 శాతం. అంటే అతను నిజాయితీగా, ఓపిగ్గా చూసినా సగానికి పైగా సందర్భాల్లో ఏమీ లేదనే అంటాడు. ‘పోయింది’ అని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 30 సార్లు చూడాలి.

అందుకే ‘కొన్నిసార్లు’ అని రాయకండి. 20 సార్లు చేసి, 6 సార్లు వచ్చింది అని రాయండి. తర్వాత ఆ 6ను పెంచే దారి వెతకండి: నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నప్పుడు, బొత్తం వెంటవెంటనే రెండుసార్లు నొక్కినప్పుడు, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినప్పుడు, ఫోన్ తిప్పినప్పుడు. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. 20కి 6 ఉన్నది 20కి 18 అయితే సగం డీబగ్గింగ్ మీరే చేసిపెట్టినట్టు. ఎంత చేసినా పెరగకపోతే, ఎన్నిసార్లు చేయాలో టికెట్‌లోనే చెప్పండి: ‘దయచేసి 30 సార్లకు తక్కువ కాకుండా చూడండి, ఐదారుసార్లలో కనబడకపోవచ్చు.’

5. ఎప్పట్నుంచి చెడిందో చెప్పండి

కొత్త బగ్ కంటే, నిన్నటిదాకా బాగున్నది ఇవాళ చెడటం బరువైన వాదన. దానికి రిగ్రెషన్ అని పేరు. ఆ మాట శీర్షికలో పడితే చాలా ప్రాజెక్టుల్లో వరస మారుతుంది. వాడేవాళ్ల ప్రోగ్రాములను చెడగొట్టే మార్పు ఏదైనా బగ్గేనని లినక్స్ కెర్నల్‌లో దాని సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టే నియమం, అక్కడ రిగ్రెషన్లను విడిగా లెక్కగట్టి వెంటపడే ఏర్పాటు కూడా ఉంది.

పాత వెర్షన్లు దొరికితే మధ్యది వేసి చూడండి. బాగుంటే ముందుకు, చెడితే వెనక్కి. ఫైర్‌ఫాక్స్‌కైతే మొజ్‌రిగ్రెషన్ అనే ఉపకరణం రోజువారీ బిల్డులను (ఆ రోజు కోడ్‌తో తయారైన వెర్షన్లను) తనే దించి ఇస్తుంది. మీరు బాగుందా చెడిందా అని మాత్రం చెబుతూ పోవాలి. ఏడాది బిల్డుల్లో తప్పు వచ్చిన రోజు తేలడానికి తొమ్మిది ప్రయత్నాలు చాలు. లిబ్రెఆఫీస్‌కు ఇలాంటి పనికోసమే పాత బిల్డులు దాచిన బిబైసెక్ట్ రిపాజిటరీలు ఉన్నాయి. ఏ మార్పుతో చెడిందో తేలితే, ఆ మార్పు చేసిన మనిషి ఎవరో కూడా తేలినట్టే. టికెట్టు దానంతటదే ఆ బల్ల మీదికి వెళ్తుంది. అయితే ఆ మనిషి పేరెత్తి నిలదీయకండి, మార్పు సంఖ్య చాలు.

6. మూసేశాక

మూసేటప్పుడు పెట్టిన ముద్ర చదవండి. దేనికి దానికే జవాబు.

‘కొత్త వెర్షన్‌లో చూడండి’ అంటే చిరాకు పడకుండా చూడండి, వారంలోపు. లిబ్రెఆఫీస్‌లో టికెట్‌ను ‘నీడ్‌ఇన్‌ఫో’లో పెట్టి ఏడు నెలలు జవాబు లేకపోతే ‘ఇన్‌సఫిషియెంట్ డేటా’ అని మూసేస్తారు. గిట్‌హబ్‌లో కొన్నిచోట్ల ఈ పని బాట్, అంటే దానంతటదే నడిచే ప్రోగ్రాం, చేస్తుంది. ఆ బాట్ మామూలు అమరిక ప్రకారం 60 రోజులు కదలిక లేకపోతే ‘స్టేల్’ అంటుంది, ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. బాట్ మీద అరిచి లాభం లేదు. 55వ రోజున తాజా వెర్షన్‌లో మళ్లీ చూసి ‘ఇంకా వస్తోంది, వెర్షన్ ఫలానా’ అని ఒక్క వరుస రాస్తే ఆ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

‘డూప్లికేట్’ అంటే పాత టికెట్ పూర్తిగా చదవండి. అదే బగ్ అయితే మీ స్టెప్పులు మెరుగైనవా అని చూసి, అయితే అక్కడ పెట్టండి. కాదంటే బొటనవేలు గుర్తు నొక్కి ఊరుకోండి. ‘నాకూ ఇదే’ అనే వ్యాఖ్య ఆ టికెట్‌ను ఫాలో అయ్యే అందరికీ మెయిల్‌గా వెళ్లి విసుగు పుట్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 11472 నంబర్ బగ్ 2005లో నమోదైంది. ఫారిన్ కీ (పట్టికల మధ్య లంకె) ద్వారా గొలుసుకట్టుగా వరుసలు మారినప్పుడు, వాటంతటవే నడవాల్సిన ట్రిగ్గర్లు నడవవని. దశాబ్దం దాటినా అది అలాగే ఉంటే జనం ఏటా దానికి పుట్టినరోజు శుభాకాంక్షలు రాస్తూ వచ్చారు. నవ్వు వస్తుంది గానీ, శుభాకాంక్షలకు కోడ్ కదల్లేదు. అదే బగ్ కాదనిపిస్తే ఒకే ఒక్క తేడా చూపండి: ‘ఆ టికెట్‌లో చెప్పిన స్టెప్పులు నా దగ్గర సరిగ్గానే పనిచేస్తున్నాయి, నావి మాత్రం చేయడం లేదు.’

‘ఇది ఇలాగే ఉండాలి’ అంటే వాదన మార్చాలి. మీకు నచ్చలేదన్నది వాళ్లకు అక్కర్లేదు. వాళ్ల సొంత మాటే వాళ్లకు ఎదురు చూపండి: సహాయ పేజీలో ఇలా రాశారు, ప్రోగ్రాం అలా చేస్తోంది. లేదా వాళ్లు పాటిస్తామని చెప్పే ప్రమాణం చూపండి. మన ఫారం విషయంలో ‘అక్షరాలు మాత్రమే అనేది మా నియమం’ అన్నారనుకోండి. జవాబు ఇది: గుర్తులు లేకుండా తెలుగులో ‘లక్ష్మి’ అని రాయడం అసాధ్యం, మీ నియమం ప్రకారం అది ‘లకషమ’ అవుతుంది. ఇంగ్లిష్‌లో అచ్చులన్నీ నిషేధించినట్టు. ఈ పోలిక ఒక్కటి పెడితే తెలుగు రానివాళ్లకూ వెంటనే ఎక్కుతుంది.

‘చేయం’ అంటే రెండే ప్రశ్నలు అడగండి. ఎవరైనా ప్యాచ్ (సరిచేసే కోడ్) రాసిస్తే తీసుకుంటారా? అప్పటిదాకా ఏదైనా పక్కదారి ఉందా? మొదటిదానికి ‘తీసుకుంటాం’ అంటే తలుపు తెరిచే ఉంది, చేతులే కావాలి. ‘తీసుకోం’ అంటే అది డిజైన్ నిర్ణయం, ఆ టికెట్‌లో ఎంత రాసినా తిరగబడదు.

‘రావడం లేదు’ అంటే పైన నాలుగో భాగంలో చెప్పిన లెక్కతోపాటు మీ వైపు కూడా ఒకసారి శుభ్రం చేయండి: కొత్త ప్రొఫైల్‌తో, ఎక్స్‌టెన్షన్లు ఆపి, వీలైతే వేరే మనిషి ఫోన్‌లో. అక్కడా వస్తే ఆ సంగతి రాసి తిరిగి తెరవమనండి. రాకపోతే తప్పు మీ అమరికలో ఉంది. ఆ మాటా టికెట్‌లో రాసేయండి, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు పనికొస్తుంది, మీ తర్వాతి రిపోర్టుకు విలువా పెరుగుతుంది.

7. ఎన్నిసార్లు గుర్తుచేయాలి

మొదటిసారి రెండు వారాలకు. రెండోసారి కొత్త రిలీజ్ వచ్చాక, అందులో చూసి. మూడోది ఏదైనా కొత్త ఆధారం దొరికితేనే. ప్రతిసారీ కొత్త విషయం ఒకటి ఉండాలి. ‘ఏమైనా అప్‌డేట్ ఉందా?’ అనేది విషయం కాదు.

కోపం మీద రాసింది డ్రాఫ్ట్‌లో ఒక రాత్రి నిద్రపుచ్చండి. పొద్దున ‘మీరు’, ‘ఎప్పుడూ’, ‘కనీసం’ అనే మాటలున్న వాక్యాలు కొట్టేసి చూడండి. మిగిలినదాంట్లో సాధారణంగా బగ్ చెక్కుచెదరకుండానే ఉంటుంది.

2013 ఆగస్టులో పాలస్తీనాకు చెందిన ఖలీల్ ష్రేతేహ్ తన స్నేహితుల జాబితాలో లేనివాళ్ల గోడ మీద కూడా రాయగలిగే లోపాన్ని ఫేస్‌బుక్‌లో కనిపెట్టాడు. రిపోర్ట్‌లో ఆధారంగా ఒక లింక్ ఇచ్చాడు. ఆ గోడ స్నేహితులకే కనబడేది, భద్రతా విభాగం వాళ్లు లింక్ తెరిస్తే ఎర్రర్ వచ్చింది. మళ్లీ రాస్తే ‘ఇది బగ్ కాదు’ అన్నారు. విసిగిపోయి ఏకంగా మార్క్ జుకర్‌బర్గ్ గోడ మీదే రాశాడు. నిమిషాల్లో స్పందించారు, లోపం సరిచేశారు. అయితే వేరేవాళ్ల నిజమైన ఖాతాల మీద ప్రయోగం చేశాడని బహుమతి డబ్బు ఇవ్వలేదు. తర్వాత బయటివాళ్లు చందాలేసి 10 వేల డాలర్లకు పైగా ఇచ్చారు. తాము ఇంకా వివరాలు అడగాల్సిందని ఫేస్‌బుక్ బృందమూ ఒప్పుకుంది. మీ లింక్‌ను వేరే ఖాతాతో, ఇన్‌కాగ్నిటో కిటికీలో ఒకసారి తెరిచి చూసుకోండి. అర నిమిషం పని.

8. అదే ఆఫీసులో పక్క టీమ్ అయితే

టెస్టర్లకు ఇది రోజూ ఉండే గొడవ. ఇక్కడ రెండు మాటలు కలిపేయడంతో సగం తగాదాలు వస్తాయి. సివియారిటీ అంటే దెబ్బ ఎంత పెద్దది, ప్రయారిటీ అంటే ఎంత త్వరగా చేయాలి. మొదటిది టెస్టర్ చెప్పగలడు. రెండోది ప్రొడక్ట్ చూసుకునేవాళ్లు తేల్చాలి, డెవలపర్ కాదు, మీరూ కాదు. హోమ్‌పేజీలో కంపెనీ పేరు తప్పు పడితే సివియారిటీ తక్కువ, ప్రయారిటీ ఎక్కువ. నాలుగేళ్లకోసారి నడిచే రిపోర్ట్ కూలిపోతే తలకిందులు.

రిలీజ్ ముందురోజు 40 టికెట్లు కుమ్మరించకండి. మొదటి ఐదు చదివి మిగతావి వచ్చే స్ప్రింట్‌కు (తర్వాతి విడత పనికి) నెట్టేస్తారు. వాటిలోనే అసలుది ఉంటుంది. పెద్దది అనుకున్నది మాత్రం టికెట్ పెట్టి, ఆ డెవలపర్ కుర్చీ పక్కకు వెళ్లి రెండు నిమిషాల్లో చేసి చూపండి. అయితే మాటల్లో ఒప్పుకున్నది టికెట్‌లోకి రావాలి: ‘ఇప్పుడే కలిసి చూశాం, బిల్డ్ ఫలానాలో వచ్చింది.’

‘తెలుసు, అయినా ఇలాగే వదులుతున్నాం’ అంటే గొంతు పెంచొద్దు. రిలీజ్ నోట్‌లో తెలిసిన లోపంగా రాయమనండి, నిర్ణయం ఎవరిదో టికెట్‌లో పేరుతో ఉండేలా చూడండి. పేరు రాయాల్సి వచ్చేసరికి నిర్ణయం మారిన సందర్భాలు తక్కువేం కాదు.

9. బగ్ రిపోర్ట్ పెట్టకూడని చోట్లు

ఇంకొకరి డేటా కనబడుతోంది, పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లగలుగుతున్నారు అంటే బహిరంగ ట్రాకర్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి. ఆ సంస్థ భద్రతా చిరునామా వెతకండి. చాలా సైట్లు ‘సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైల్‌లో దాన్ని ఇస్తాయి. వాళ్లు పలకకపోతే మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పొచ్చు. లోపాన్ని బయటపెట్టే ముందు ఇచ్చే గడువు విషయంలో గూగుల్ భద్రతా బృందం ప్రాజెక్ట్ జీరో 90 రోజులు పాటిస్తుంది, అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం 45 రోజులు. నిరూపించడానికి మీ సొంత ఖాతాలు రెండు తెరిచి వాడండి, పరాయి ఖాతా ముట్టుకోకండి.

డబ్బు ఇరుక్కుంటే అది బగ్ రిపోర్ట్ దారిలో తేలేది కాదు. యాప్ రివ్యూలో రాసి కూర్చోకండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పని ఆగితే సీపీగ్రామ్స్ అనే ఫిర్యాదుల పోర్టల్ ఉంది. ఇక్కడా పైన చెప్పిన రిపోర్టే అతికించండి, సందేశం, సమయం, స్టెప్పులతో సహా. ‘సర్వర్ పనిచేయలేదు’ అని రాసిన ఫిర్యాదు ‘ఇప్పుడు పనిచేస్తోంది’ అనే ఒక్క మాటతో తేలిపోతుంది.

10. ఎక్కడ ఆపాలి

మూడుసార్లు కొత్త ఆధారంతో అడిగి, మూడుసార్లూ కాదనిపించుకున్నాక నాలుగో వ్యాఖ్య రాయకండి. దానికి పట్టే గంటను వేరేచోట పెట్టండి. మీ లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ చూసేవాళ్లకు చెప్పండి, అసలు ప్రాజెక్టువాళ్లు వద్దన్న ప్యాచ్‌ను వాళ్లు కొన్నిసార్లు తమ దగ్గర పెట్టుకుంటారు. వెబ్ బ్రౌజర్ బగ్ అయితే అన్ని బ్రౌజర్లూ కలిసి వాడే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్టుల్లో ఒక పరీక్ష చేర్పించే ప్రయత్నం చేయండి. అక్కడ ఎవరు తప్పుతున్నారో పట్టికలో అందరికీ కనబడుతుంది.

వదిలేసే ముందు టికెట్‌లో చివరిగా ఒక్క వ్యాఖ్య: ఏ వెర్షన్ దాకా బగ్ ఉందో, పక్కదారి ఏమిటో, పరీక్షించే ఫైల్ ఎక్కడ జతచేశారో. ‘4.6 వరకూ వస్తోంది. గుర్తులు లేని పేరుతో ఖాతా తెరిచి, తర్వాత ప్రొఫైల్ పేజీలో పేరు మార్చుకోవచ్చు, ఆ పేజీలో తనిఖీ లేదు.’ ఈ రెండు వాక్యాలూ సెర్చ్‌లో పడేది డెవలపర్ కంటే ముందు ఇంకో విమలకే. మొత్తం పేజీని ఒక పీడీఎఫ్‌గా దాచుకోండి, ట్రాకర్లు మారినప్పుడు పాత లింకులు పోవచ్చు. ఆ తర్వాత ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కండి.